నాలుగు భూతాలను కొలువులో పెట్టిన చక్రవర్తి

ఢిల్లీ జంతు ప్రదర్శనశాల పక్కనున్న పురానా ఖిలాలో ఎర్రరాతితో కట్టిన ఒక చిన్న రెండంతస్తుల కట్టడం ఉంది. ఎనిమిది పలకల గోడలు, పైన గొడుగు లాంటి మంటపం. దాన్ని షేర్ మండల్ అంటారు. 1556 జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం రెండో మొఘల్ చక్రవర్తి హుమాయూన్ దాని పైకి ఎక్కాడు. శుక్రగ్రహం ఉదయించడాన్ని కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. దిగివస్తూ మెట్ల మీద జారి పడ్డాడు. ఆ దెబ్బతోనే చనిపోయాడు. జీవితమంతా నక్షత్రాలను చదివిన మనిషి కాలికింది మెట్టును చూసుకోలేదని నాలుగున్నర శతాబ్దాలుగా లోకం నవ్వుకుంటూనే ఉంది.

కానీ హుమాయూన్ గుర్తులను చదివింది జోస్యం కోసం మాత్రమే కాదు. వాటితో ఒక ప్రభుత్వాన్నే నడపాలని చూశాడు. ఆ ప్రయత్నం ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో ఆయన జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇవాళ ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో టారో కార్డులు పరిచి భవిష్యత్తు చెప్పేవారికి కొదవ లేదు. టారో కట్టలో 78 ముక్కలుంటాయి. వాటిలో 22 పెద్ద ముక్కలు. మిగిలిన 56 నాలుగు రంగులు, రంగుకు 14 చొప్పున. కర్ర నిప్పుకు గుర్తు, అంటే ఉత్సాహం, పని. పాత్ర నీటికి గుర్తు, అంటే ప్రేమ, మనసు. కత్తి గాలికి గుర్తు, అంటే ఆలోచన, తగవు. నాణెం భూమికి గుర్తు, అంటే ఆస్తి, ఒళ్లు వంచి చేసే శ్రమ. ఇదంతా అనాదిగా వస్తున్న విద్య అనుకునేవారు చాలామంది. నిజానికి టారో 15వ శతాబ్దపు ఇటలీలో పుట్టిన పేకాట. దాని నాలుగు రంగులు ఈజిప్టు మమ్లూకుల పేకల నుంచి వచ్చాయి. మన పేకలోని ఇస్పేటు పేరు వెనక కూడా ఆ పాత కత్తే ఉంది. టారోతో జోస్యం చెప్పడం 18వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. రంగులకు నాలుగు భూతాలను ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో జతచేసింది 19వ శతాబ్దపు ఐరోపా గూఢవిద్యా బృందాలు.

హుమాయూన్ టారోను చూసి ఉండడు. అయినా అంతకు మూడు వందల ఏళ్ల ముందే నిప్పు, గాలి, నీరు, నేల అనే నాలుగింటి కింద ఆయన తన ప్రభుత్వ శాఖలను సర్దాడు. ఇద్దరికీ మూలం ఒక్కటే. గ్రీకుల నుంచి అరబ్బీ, పారశీక గ్రంథాల్లోకి వచ్చిన చతుర్భూత సిద్ధాంతం అది.

ముగ్గురు బాటసారులు

హుమాయూన్ 1508 మార్చిలో కాబూల్ కోటలో పుట్టాడు. తండ్రి బాబర్, తల్లి మాహం బేగం. చదువు బాగా ఒంటబట్టింది. గణితం, ఖగోళం, జ్యోతిషం అంటే మక్కువ. కుర్రతనంలో కాబూల్ దగ్గర షికారుకు వెళ్లినప్పటి సంగతిని ఆయన చరిత్రకారులు నమోదు చేశారు. దారిలో ఎదురయ్యే మొదటి ముగ్గురి పేర్లతో శకునం చూద్దామని తన గురువుతో అన్నాడు. మొదట ఒక ముసలాయన వచ్చాడు, పేరు మురాద్ ఖ్వాజా. తరువాత గాడిద మీద కట్టెలు తోలుకుపోతున్న మనిషి, పేరు దౌలత్ ఖ్వాజా. మూడో పేరు సాదత్ అయితే ఎంత వింతో అనుకుంటుండగా పశువులు మేపే పిల్లవాడు కనిపించాడు. అతని పేరు నిజంగానే సాదత్ ఖ్వాజా. కోరిక, అధికారం, శుభం. ఈ మూడు మాటలు ఆయన బుర్రలో జీవితాంతం నిలిచిపోయాయి.

1526లో పానిపట్టు యుద్ధంలో పాల్గొన్నప్పుడు హుమాయూన్‌కు 18 ఏళ్లు. మరుసటి ఏడాది కాబూల్ వైపు వెళ్తూ ఢిల్లీలో ఆగి, తండ్రి అనుమతి లేకుండా ఖజానా గదులు తెరిపించి సొమ్ము తీసుకున్నాడు. బాబర్ దీన్ని తన ఆత్మకథలో బాధతో రాసుకున్నాడు. తరువాత రాసిన ఒక ఉత్తరంలో కొడుకు రాతలోని తప్పులను ఎత్తిచూపాడు. ఏకాంతం మీద మోజు రాజుకు తగదని మందలించాడు. ఆ తండ్రి అంచనా సరైనదే. హుమాయూన్‌కు ధైర్యానికి లోటు లేదు, తెలివికీ లోటు లేదు. పని మధ్యలో తనలోకి తాను ముడుచుకుపోవడమే ఆయన బలహీనత.

మనదేశంలో పేకముక్కల గురించి దొరికే తొలి ప్రస్తావనల్లో ఒకటి కూడా బాబర్ ఆత్మకథలోనే ఉంది. సింధ్ పాలకుడు షా హసన్‌కు గంజీఫా అంటే ఇష్టమని, ఆయన అడిగితే 1527లో మనిషి చేత పేకలు పంపించానని బాబర్ రాశాడు. గంజీఫా గుండ్రటి ముక్కల ఆట. ఆ ఆట తరువాత మనవడి కొలువులో మరో మలుపు తిరిగింది.

దీన్‌పనాహ్‌లో కొత్త చట్టం

బాబర్ 1530 డిసెంబరులో ఆగ్రాలో చనిపోయాడు. 22 ఏళ్ల హుమాయూన్‌కు దక్కింది ఇంకా కుదురుకోని రాజ్యం. ముగ్గురు తమ్ముళ్లు కమ్రాన్, అస్కరీ, హిందాల్ ఎవరి వాటా వారు కోరుకుంటున్నారు. తూర్పున ఆఫ్ఘన్లు, పడమర గుజరాత్ సుల్తాను బహదూర్ షా కాచుకుని ఉన్నారు. అలాంటప్పుడు ఆయన ఢిల్లీలో యమున ఒడ్డున కొత్త నగరం కట్టడానికి పూనుకున్నాడు. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి 1533లో పునాది వేసి దానికి దీన్‌పనాహ్ అని పేరు పెట్టాడు. ఇవాళ మనం పురానా ఖిలా అంటున్నది ఆ చోటునే.

ఆ రోజుల్లో హుమాయూన్ చేసిన ఏర్పాట్లను ఖ్వాందమీర్ గ్రంథస్తం చేశాడు. హెరాత్ నుంచి వచ్చిన ఈ చరిత్రకారుడు రాసిన పుస్తకం కానూన్-ఎ-హుమాయూనీ. చివరకు ఆయన్ను ఢిల్లీలోనే, నిజాముద్దీన్ ఔలియా, అమీర్ ఖుస్రో సమాధులకు దగ్గరలో పాతిపెట్టారు. ఆయన చెప్పిన ప్రకారం ప్రభుత్వ శాఖలు నాలుగు. నిప్పు శాఖ కింద ఫిరంగులు, ఆయుధాలు, యుద్ధ యంత్రాలు. గాలి శాఖ కింద వస్త్రాగారం, వంటశాల, గుర్రపుశాలలు, ఒంటెలు, కంచరగాడిదలు. నీటి శాఖ కింద షర్బత్‌ఖానా, కాలువల తవ్వకం. నేల శాఖ కింద వ్యవసాయం, కట్టడాలు, సర్కారు భూములు. ఒక్కో శాఖకు ఒక్కో అధికారి.

మన పంచభూతాల్లోని ఆకాశం ఈ లెక్కలో లేదు. ఆకాశానికి హుమాయూన్ వేరే చోటు ఇచ్చాడు. గ్రహాల ప్రకారం వారాన్ని పంచాడు. ఆది, మంగళవారాలు రాజకార్యాలకు, అధికారులకు. శని, గురువారాలు పండితులకు, భక్తులకు. సోమ, బుధవారాలు వినోదాలకు. శుక్రవారం అందరికీ. ఆ రోజు గ్రహానికి తగ్గ రంగు బట్టలే కట్టేవాడు. ఆదివారం పసుపు, మంగళవారం ఎరుపు, శనివారం నలుపు. కొలువులోని మనుషులు మూడు వర్గాలు. దౌలత్ వర్గంలో బంధువులు, సేనానులు, మంత్రులు. సాదత్ వర్గంలో పండితులు, కవులు, న్యాయవేత్తలు. మురాద్ వర్గంలో గాయకులు, నర్తకులు, అందగాళ్లు. కాబూల్ దారిలో ఎదురైన ముగ్గురు బాటసారుల పేర్లు ఇలా రాజ్యాంగంలోకి ఎక్కాయి. హోదాలకు కొలతగా 12 బంగారు బాణాలు. 12వ బాణం చక్రవర్తిది, మొదటిది వాకిలి కావలివారు, ఒంటెలు తోలేవారి వంటి వాళ్లది.

అన్నిటికంటే విచిత్రమైనది ఆనంద తివాచీ. గుండ్రటి ఆ తివాచీ మీద ఒకదానిలో ఒకటి వలయాలు. బయట ఆకాశ గోళాలు, తరువాత ఒక్కో రంగులో ఒక్కో గ్రహం, అన్నిటికీ లోపల నాలుగు భూతాలు. చక్రవర్తి సూర్యుడి బంగారు వలయంలో కూర్చునేవాడు. సయ్యదులకు, ధర్మవేత్తలకు గురుడి వలయం. భారతీయ మూలాలున్న అమీర్లకు శని వలయం. కూర్చున్నవారు పాచిక వేసేవారు. దాని ముఖాల మీద రకరకాల భంగిమల్లో మనుషుల బొమ్మలుండేవి. నిలబడిన బొమ్మ పడితే లేచి నిలబడాలి, పడుకున్న బొమ్మ పడితే పడుకోవాలి. ఆటలా కనిపించే ఈ పద్ధతిలో ఒక రాజనీతి ఉంది. తుర్కులు, ఇరానీలు, ఆఫ్ఘన్లు, హిందుస్తానీలు ఒకే పరుపు మీద ఎక్కడ కూర్చోవాలన్న తగాదా రాకుండా చుక్కల పేరుతో ఆయన చోటు చూపించాడు. చోటు ఇచ్చింది రాజు కాదు, ఆకాశం అన్నమాట. అలిగే వీలు తక్కువ.

చెల్లెలు గుల్బదన్ బేగం తన జ్ఞాపకాల్లో ఆగ్రాలో నది ఒడ్డున కట్టిన మాయాభవనాన్ని వర్ణించింది. అందులోనూ మూడు గదులు. అధికారపు గదిలో ఆయుధాలు. శుభపు గదిలో పుస్తకాలు, కలందానులు, బొమ్మల సంపుటాలు. కోరిక గదిలో మెత్తటి పడక, పళ్లు, పానీయాలు. ఒక్కో గది ఒక్కో గుర్తు.

వీటిలో ప్రజలకు నేరుగా పనికొచ్చినది న్యాయభేరి. ఫిర్యాదుదారు ఆ నగారాను ఒకసారి కొడితే తగువు, రెండుసార్లు కొడితే జీతం అందలేదని, మూడుసార్లు కొడితే సొత్తు పోయిందని, నాలుగుసార్లు కొడితే నెత్తురు చిందిందని అర్థం. చదువు రానివాడు కూడా వాడుకోగల సంకేతమది.

గుర్తులు చెప్పనివి

1535లో గుజరాత్ మీదికి వెళ్లిన హుమాయూన్ చంపానేర్ కోటను పట్టిన తీరు ఆయన తెగువకు సాక్ష్యం. రాత్రివేళ నిటారు కొండరాతికి మేకులు కొట్టించి, ముందు ఎక్కిన కొద్దిమంది వెంట తానూ ఎక్కాడు. తరువాత అక్కడే విందులతో కాలం గడిచింది. మరుసటి ఏడాదికి గుజరాత్ చేజారింది. 1538లో బెంగాల్ రాజధాని గౌర్‌లోనూ అదే కథ. ఊరు నచ్చి నెలల తరబడి ఉండిపోయాడు. వానలు, జబ్బులు సైన్యాన్ని తినేశాయి. ఈలోగా షేర్ ఖాన్ వెనకదారులు మూసేశాడు. ఆగ్రాలో తమ్ముడు హిందాల్ ఎదురు తిరిగాడు.

1539 జూన్ 26న గంగ ఒడ్డున చౌసా దగ్గర తెల్లవారుజామున షేర్ ఖాన్ విరుచుకుపడ్డాడు. వేలమంది నదిలో కొట్టుకుపోయారు. భార్య బేగా బేగం శత్రువుకు చిక్కింది. చిన్నారి కూతురు అకీకా ఏమైందో తెలియలేదు. మునిగిపోతున్న చక్రవర్తిని నిజాం అనే భిస్తీ గాలి ఊదిన తోలుతిత్తి మీద ఒడ్డు చేర్చాడు. అతనికిచ్చిన మాట ప్రకారం హుమాయూన్ ఆగ్రా చేరాక ఆ నీళ్లు మోసేవాణ్ని కొద్దిసేపు సింహాసనం మీద కూర్చోబెట్టాడు. శత్రువు ముంచుకొస్తుంటే ఇదేం పిచ్చి అని తమ్ముడు కమ్రాన్ తప్పుబట్టాడు. 12 బాణాల కొలతలో అట్టడుగున ఉండాల్సినవాడు పైమెట్టు ఎక్కాడు. తాను కట్టిన వ్యవస్థకంటే ఇచ్చిన మాట పెద్దదని హుమాయూన్ అనుకున్న సందర్భమిది. ఆయన చేసినవాటిలో దీన్ని తప్పుబట్టడం కష్టం.

1540 మేలో కన్నౌజ్ దగ్గర మరో ఓటమి. దీన్‌పనాహ్ షేర్ షా పాలయింది. ఆ చోటే ఆయన తన కోటను, మసీదును కట్టుకున్నాడు. షేర్ మండల్ పేరు ఆయనదే.

ఎడారిలో ముహూర్తం

తరువాత 15 ఏళ్లు హుమాయూన్‌ది దేశదిమ్మరి బతుకు. లాహోర్ నుంచి సింధ్‌కు, అక్కడి నుంచి రాజస్థాన్ ఎడారికి, చివరకు ఇరాన్‌కు. శాఖలు లేవు, బాణాలు లేవు, తివాచీ లేదు. చుక్కలు మాత్రం వెంటే ఉన్నాయి. 1541లో సింధ్‌లో హమీదా బానును పెళ్లాడేటప్పుడు ఆస్ట్రోలేబు తానే చేతబట్టి ముహూర్తం చూసుకున్నాడని గుల్బదన్ రాసింది. 1542 అక్టోబరు 15న అమర్‌కోట్‌లో అక్బర్ పుట్టిన కబురు అందినప్పుడు పంచడానికి చేతిలో ఏమీ లేదు. ఉన్న కస్తూరిని చిదిమి వెంట ఉన్నవారికి పంచాడని ఆయన నీళ్లచెంబు సేవకుడు జౌహర్ నమోదు చేశాడు.

ఇరాన్‌లోని తబ్రీజ్‌లో ఒక తమాషా జరిగింది. ఖగోళ గోళం, అంటే కురా, ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని సేవకుణ్ని పంపాడు. అతను దాన్ని గుర్రపు పిల్ల అనే అర్థమున్న కుర్రాగా విని గుర్రప్పిల్లలను తోలుకొచ్చాడు. హుమాయూన్ నవ్వి, ఇదీ మంచి శకునమేనని వాటిని కొన్నాడు. అన్నీ పోగొట్టుకున్నవాడికి గుర్తులు ఇంతకంటే ఏం చేయగలవు? ఇంకో రోజు నడవడానికి కాస్త ఊతమిచ్చాయి.

రాజ్యం తిరిగి రావడానికి కారణాలు మాత్రం ఆకాశంలో లేవు. షా తహ్మాస్ప్ ఇచ్చిన సైన్యం, బైరాం ఖాన్ విధేయత, షేర్ షా వారసుల కీచులాటలు పనిచేశాయి. 1545లో కాందహార్, ఆపై కాబూల్ చేతికొచ్చాయి. పదేపదే క్షమించిన కమ్రాన్ ప్రతిసారీ తిరగబడ్డాడు. సేనానుల ఒత్తిడికి తలొగ్గి 1553లో తమ్ముడి కళ్లు తీయించాడు. 1555 జూన్‌లో సర్‌హింద్ దగ్గర గెలిచి, జులైలో ఢిల్లీలో అడుగుపెట్టాడు.

ఆ చివరి శీతాకాలం ఢిల్లీలో ఒక తుర్కు నౌకాధిపతి అతిథిగా ఉన్నాడు. తుపానుల్లో నావలు పోగొట్టుకుని ఇస్తాంబుల్‌కు నేలదారిన వెళ్తున్న సీదీ అలీ రేయిస్ ఆయన. ఖగోళం తెలిసిన మనిషి కనుక గ్రహణాలు లెక్కగట్టి పెట్టమని హుమాయూన్ ఆపేశాడు. జనవరి 24 సాయంత్రం షేర్ మండల్ నుంచి దిగుతుండగా నమాజు పిలుపు వినిపించింది. గౌరవంగా మెట్టు మీద కూర్చోబోయాడు. పాదం అంగీ అంచులో చిక్కింది, చేతికర్ర జారింది. మూడు రోజుల తరువాత ప్రాణం పోయింది. అప్పటికి 48 నిండలేదు. తిరిగి వచ్చిన ఢిల్లీలో ఆయన ఉన్నది ఆరు నెలలే.

వారసుడు అక్బర్ పంజాబ్‌లో ఉన్నాడు, వయసు 13. కబురు పొక్కితే రాజ్యం చెదిరిపోతుంది. అందుకని పోలికలున్న ఒక మనిషికి రాజు దుస్తులు తొడిగి నదివైపు నుంచి జనానికి చూపించారు. ఫిబ్రవరి 14న కలానౌర్‌లో అక్బర్ పట్టాభిషేకం జరిగింది. హుమాయూన్ పేర్చిన గుర్తుల కొలువులో చివరికి రాజు కూడా ఒక బొమ్మ అయ్యాడు.

కొడుకు చేతిలో పేకముక్కలు

అక్బర్‌కు గంజీఫా అంటే ఇష్టం. అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో ఆ ఆటకు చోటిచ్చాడు. పాత కట్టలో 12 రంగులు, 144 ముక్కలు. మొదటి రంగు అశ్వపతి, ఢిల్లీ రాజులా గుర్రమెక్కినవాడు. రెండోది గజపతి, ఒడిశా పాలకుడిలా ఏనుగుల బలం ఉన్నవాడు. మూడోది నరపతి, బీజాపూర్ పాలకుల్లా కాల్బలంతో నెగ్గేవాడు. తెలుగువారికి ఈ మూడు పేర్లు కొత్తవి కావు. మన చారిత్రక కావ్య సంప్రదాయంలో ఢిల్లీ తురుష్కులు అశ్వపతులు, కటకం రాజులు గజపతులు, విజయనగర రాయలు నరపతులు. నిర్మల్ చిత్రకారులు కూడా ఒకప్పుడు గంజీఫా ముక్కలు తయారుచేసేవారు.

అక్బర్ ఈ రంగులను మార్చాడు. ఖజానా, పత్రాలు, సరుకు, కత్తి, కిరీటం లాంటి రంగుల్లో రాజు కింద మంత్రి, మంత్రి కింద ఆ శాఖలో పనిచేసే రకరకాల చేతిపనివారి బొమ్మలు వేయించాడు. తండ్రి గ్రహాల కింద సర్దిన కొలువును కొడుకు పనుల కింద సర్దాడు. గుర్తులు అలాగే ఉన్నాయి. వాటి అర్థం మాత్రం ఆకాశం నుంచి కార్ఖానాలోకి దిగింది. తండ్రి ఏర్పాట్లలో పనికొచ్చే భాగం అదేనని అక్బర్ పాలన రుజువు చేసింది. ఎవరి చోటు ఏది, ఎవరి పని ఏది అని అందరికీ తెలిసేలా చెప్పడానికి గుర్తులు చక్కటి భాష. రేపు ఏం జరుగుతుందో చెప్పడం వాటి చేతిలో లేదు. గౌర్ నుంచి ఎప్పుడు బయలుదేరాలో ఏ తివాచీ చెప్పలేదు.

హేమూ ఢిల్లీని పట్టుకున్నప్పుడు హుమాయూన్ భౌతికకాయాన్ని సర్‌హింద్‌కు తరలించాల్సి వచ్చింది. చనిపోయాక కూడా తిరుగుడు తప్పలేదు. చివరకు చౌసాలో శత్రువుకు చిక్కి, క్షేమంగా తిరిగొచ్చిన ఆ బేగా బేగమే నిజాముద్దీన్ దగ్గర ఆయనకు సమాధి కట్టించింది. ఇరానీ పద్ధతి తెలిసిన మీరక్ మీర్జా గియాస్ దాని వాస్తుశిల్పి. 1993లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చుట్టూ ఉన్నది చార్‌బాగ్, నీటి కాలువలతో నాలుగుగా పంచిన తోట. నీరు, నేల, గాలి అక్కడ ఇప్పటికీ ఒక క్రమంలో ఉన్నాయి. తన ప్రభుత్వంలో హుమాయూన్ కోరుకున్న పొందిక అది.